ఇరవై ఏడు గాడిదలు

గాడిదలు నీళ్లు తాగేటప్పుడు తొందరపడవు. ముందు ‘పెద్దమనిషి’ వచ్చి తొట్టికి ఇరవై అడుగుల దూరంలో ఆగుతాడు. చెవులను ఒకసారి కంచె వైపు, ఒకసారి పికప్ వైపు తిప్పి, అనుమానం తీరాక ముక్కుతో ఒక చప్పుడు చేస్తాడు. అప్పుడు ‘అత్త’ కదులుతుంది. అత్త కడుపునిండా తాగి పక్కకు జరిగితే గానీ ‘కోడలు’ మూతి ముంచదు. ఎండ ఎంత మాడ్చినా ఈ వరస తప్పదు. ఇంత మర్యాద బీరయ్య ఈ ఎడారి దేశంలో బస్సు ఎక్కే మనుషుల్లో కూడా చూడలేదు.

పికప్ తలుపు తీసి పెట్టుకుని, మోకాళ్ల మీద స్కూలు నోటుబుక్కు ఆనించుకుని రాసుకుంటున్నాడతను. తేదీ, వేళ, ఏ గుంపు వచ్చింది, ఏది కుంటుతోంది, దేని వీపు మీద పుండు మానింది. భుజం మీది నల్లచార, కాళ్ల మీది గీతలు, చెవి చీలిక, మూతి రంగు, వీటిని బట్టి ఒక్కోదానికి ఒక్కో పేజీ. బైనాక్యులర్స్ ఇచ్చారు గానీ వాటితో అతనికి పెద్దగా పనిలేదు, నడక చూస్తే చాలు. మూడు గుంపులు, మొత్తం ఇరవై ఏడు. గురువారం పొద్దున ఇరవై ఏడూ వచ్చి తాగాయని రాసి కింద గీత కొట్టాడు.

తొట్టి దగ్గర ఇంకో ఐదు ప్రాణాలున్నాయి. బూడిదరంగు తల్లి పొట్ట కింద దూరి ఒక పిల్ల పాలకోసం పొదుగును గుద్దుతోంది. ఇంకొకటి తొట్టి నీళ్లలో తన మూతిని చూసి అదిరిపడి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడింది. మిగతా మూడూ తల్లుల నీడలో పడుకున్నాయి. బీరయ్య వాటినీ చూశాడు, చాలాసేపు చూశాడు. నోటుబుక్కు మూసేసి పెన్నుకు మూత పెట్టాడు.

ఆ ఐదింటినీ అతను రాయలేదు. మొదటిది పుట్టినప్పటి నుంచీ రాయడం లేదు. జగిత్యాల పక్క ఊళ్లో గొర్లకాపరి ఇంట పుట్టినవాడు, పాలు మరవని పిల్లను ఎలా లెక్కలో వేస్తాడు? పిల్ల మంద వెంట మేతకు పోయి, పొద్దంతా తిరిగి, తన కాళ్ల మీద తాను ఇంటికి రావాలి. అప్పుడే దానికి లెక్క. అంతవరకూ ఎవరైనా దారినపోయేవాళ్లు “ఎన్ని పిల్లలు పెట్టినయే?” అని అడిగితే, జోలెలో రెండు పిల్లలు అరుస్తున్నా సరే, “ఇంక ఈనలే” అనాలి. అడిగినవాళ్లకూ తెలుసు, చెప్పినవాళ్లకూ తెలుసు. దాన్ని అబద్ధమని ఎవరూ అనరు. బీరయ్య తండ్రి అంజన్న ఒకసారి పొరబాటున నోరుజారి లెక్క చెబితే ఆ వారమే మూడు పిల్లలు పోయాయని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“అయిపోయినాదా నీ హాజరు పట్టీ?” అంటూ ఖాజావలి వచ్చి పికప్ బానెట్ మీద చెయ్యి పెట్టి, కాలడంతో తీసేసుకున్నాడు. ఖాజావలిది రాయచోటి. ఇక్కడ డ్రైవరు. అరబ్బీ బాగా మాట్లాడతాడు, రాస్తాడు కూడా. బీరయ్య తెలుగులో రాసిందంతా వారానికోసారి అరబ్బీలోకి దించి ఆఫీసుకు ఇచ్చేది అతనే. “గాడిదల్ని లెక్కబెట్టేకి సముద్రం దాటొచ్చినోడు ఈ బూప్రెపంచకంలో నువ్వొక్కడివే బీరన్నా.”

“నువ్వు? లెక్కవెట్టెటోన్ని మోసేటందుకు వచ్చినవు గద.”

“అదీ నిజమే” అని ఖాజావలి నవ్వాడు. బీరయ్య నవ్వలేదు. ఈ మధ్య అతను జవాబులు బాగానే చెబుతున్నాడు గానీ ముఖం మాత్రం అందులో కలవడం లేదు. టేప్ రికార్డర్ మీద దుమ్ము పేరుకుంది. అన్నంలో ఉప్పు వేయడం మరిచిపోయి, తినేటప్పుడు కూడా ఆ సంగతి గమనించడు. ఖాజావలి రెండుసార్లు అడిగి చూసి, మూడోసారి అడగడం మానేశాడు.

తాయిఫ్ నుంచి రెండున్నర గంటల దూరంలో ఉన్న ఈ మైదానం చుట్టూ ప్రభుత్వం కంచె వేయించింది. లోపల జింకలను వదలాలని. గాడిదలు అంతకు ముందు నుంచే అక్కడున్నాయి. కొండల మీది రైతులు పికప్‌లు కొనుక్కున్నాక వదిలేస్తే, తరాలు తిరిగేసరికి అడవి జంతువులైపోయాయి. కంచె పడ్డాక లోపలే చిక్కుకున్నాయి. ఉన్న గడ్డి వీటికే సరిపోతోందని, కాల్చిపారేయమని పైనుంచి మాట వచ్చింది. సూడాన్ నుంచి వచ్చిన పశువుల డాక్టర్ ఇద్రీస్ ఒప్పుకోలేదు. ఎన్ని ఉన్నాయో, ఏది ఏ గుంపుదో, ఏది ఎవరి మాట వింటుందో ముందు చూద్దాం, ఆ తర్వాత గుంపు చెదరకుండా పట్టి కొండల మీద తోటలున్న రైతులకు ఇచ్చేద్దాం అన్నాడు. దాని కోసం నాలుగు నెలలు గడువు తెచ్చాడు. గొర్రెల మధ్య పెరిగిన మనిషి కూలీల్లో ఎవరైనా ఉన్నారా అని వెతికి బీరయ్యను ఏరుకున్నాడు.

డాక్టరు తానే దగ్గరుండి చూడాల్సింది. ఈలోగా, జనవరిలో మొదలైన యుద్ధం ముగిసింది. తూర్పు తీరంలో, యుద్ధంలో సముద్రం పాలైన చమురులో మునిగిన పక్షులను కడగడానికి మనుషులు కావాలంటే వెళ్లాడు. పదిరోజులకని వెళ్లి రెండు నెలలు ఉండిపోయాడు. వారానికోసారి వైర్‌లెస్‌లో అడిగేవాడు: ఎన్ని? దెబ్బతిన్నవి ఉన్నాయా? పిల్లలు? బీరయ్య జవాబులు కూడా వారం వారం అవే: ఇరవై ఏడు. లేవు. మాఫీ, అంటే అరబ్బీలో అసలు లేవని.

*

శనివారం తెల్లవారి ఐదింటికి బీరయ్య తాడు చివర పట్టుకుని గోనెపట్టాల చాటున కూర్చున్నాడు. తొట్టి చుట్టూ ఇనుప గొట్టాల చట్రాలు నిలబెట్టి మూడు వారాలైంది. మొదటి రోజు ఒక్కటీ దగ్గరకు రాలేదు. రెండో రోజు పెద్దమనిషి వచ్చి వాసన చూసి వెళ్లాడు. నాలుగో రోజుకు దాహం గెలిచింది. రోజుకొక చట్రం ముందుకు జరుపుతూ, వాటికి గోనెలు కడుతూ, అవి బెదిరితే ఒకరోజు ఆగుతూ, దొడ్డిని పూర్తి చేశాడు బీరయ్య. మిగతా తొట్ల నీళ్లు కట్టేశారు కాబట్టి మూడు గుంపులూ ఇక్కడికే వస్తున్నాయి. ఇంక మిగిలింది తలుపే. తాడు వదిలితే పడుతుంది.

పెద్దమనిషి ఆగాడు, చెవులు తిప్పాడు, చప్పుడు చేశాడు. అత్త వెళ్లింది. రెండో గుంపు, మూడో గుంపు. చివర్న బూడిదది, దాని వెనక పిల్ల. పిల్ల తలుపు దగ్గర నిలబడి కింద పడి ఉన్న తాడు నీడను చూస్తోంది. ఒక్క అడుగు లోపల పెడితే సరి. బీరయ్య అరచేతిలో తాడు చెమటకు తడిసింది. పిల్ల ఎగిరి లోపలికి దూకింది. అతను తాడు వదిలాడు.

కొంచెంసేపు దుమ్ము, గిట్టల చప్పుడు, ఓండ్రలు. గోనెల వల్ల బయటి వెలుతురు కనబడక త్వరగానే సద్దుమణిగాయి. డాక్టర్ ఇద్రీస్ ముందు రోజు సాయంత్రమే వచ్చాడు. పొడుగాటి మనిషి, బుగ్గల మీద సన్నటి గాట్ల మచ్చలు. చమురు కడిగి కడిగి చేతుల చర్మం పొరలు లేచిపోయింది. చట్రం మీదుగా తొంగిచూశాడు.

“ఇవేమిటి?” అన్నాడు.

“సగీర్” అన్నాడు బీరయ్య. పిల్లలు.

“అది నాకూ కనబడుతోంది.” డాక్టరు గొంతు పెంచలేదు. “ఎనిమిది వారాలుంటుంది ఆ బూడిదరంగు దాని పిల్లకు. ప్రతి వారం అడిగాను నిన్ను. మాఫీ అన్నావు.”

ఖాజావలి ఒకసారి ఆయన ముఖంలోకి, ఒకసారి ఇతని ముఖంలోకి చూశాడు. “ఏంది బీరన్నా, నాకు రాసిచ్చిన దాంట్లో కూడా ల్యాకపాయనే.”

“పాలు మరువలేదు గదా” అన్నాడు బీరయ్య. తల్లుల వెంట పిల్లలు పోతాయి, దాన్ని ప్రత్యేకంగా చెప్పేదేముంది అనే అతను అనుకున్నాడు. బస్సులో చంటిపిల్లకు ఎవడైనా టికెట్టు కొడతాడా?

కానీ ఇక్కడ కొడతారు. ఆ సంగతి, ఖాజావలి మధ్యలో నిలబడి తెలుగులోకి దించుతుంటే, డాక్టరు నిదానంగా చెప్పుకొచ్చాడు. అనుమతి కాగితంలో ఇరవై ఏడు అని ఉంది. రైతులకు రాసిచ్చిందీ ఇరవై ఏడే. దారిలో చెక్‌పోస్టు ఉంది, అక్కడ లారీలో తలలు లెక్కపెడతారు. ఇరవై ఎనిమిదోది ఉంటే లారీ మొత్తం వెనక్కి వస్తుంది. కొత్త జంతువులకు కొత్త కాగితం రియాద్ నుంచి రావాలి, పదిహేను రోజులు పడుతుంది. గడువు బుధవారం. గురువారం నుంచి కంచె లోపల జింక కానిది ఏది కనబడినా కాల్చేయమని గార్డులకు రాతపూర్వకంగా ఇచ్చారు. వచ్చే శనివారం జింకలు వస్తున్నాయి.

“మరి పిల్లలు?” అన్నాడు బీరయ్య.

బూడిదదాని పిల్ల చట్రం సందులోంచి మూతి బయటపెట్టి అతని లుంగీ అంచు నోట్లోకి తీసుకుంది.

తన ప్రాణం కొట్టుకోవాలి కదా అని అతను ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. ఎవరో దూరంగా బండరాళ్లు దించుతుంటే వింటున్నట్టుంది, అంతే. అలా ఏమీ అనిపించకపోవడమే అతన్ని భయపెట్టింది. లుంగీ విడిపించుకుని, గడ్డిమోపు విప్పడానికి వెళ్లాడు.

*

ఆదివారం ముదీర్ వచ్చాడు. ఈ మైదానానికంతటికీ అధికారి. పేరు అబూ తుర్కీ. చెడ్డవాడేం కాదు. రంజాన్‌కు కూలీలందరికీ ఖర్జూరం పెట్టెలు పంచాడు. కాకపోతే కాగితంలో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు నడిచే మనిషి. రేకుల షెడ్డు నీడలో కుర్చీ వేయించుకుని, టీ తాగుతూ, డాక్టరు చెప్పిందంతా విన్నాడు. బీరయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పని మాటల వరకు అతనికి అరబ్బీ తెలుసు. ఇలా కుర్చీల్లో కూర్చుని వేగంగా మాట్లాడుకునే అరబ్బీ మాత్రం చెవికందదు.

డాక్టరు రెండుసార్లు తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముదీర్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత నోటుబుక్కు వైపు వేలు చూపించి ఏదో అన్నాడు. డాక్టరు చూపు దించేసుకున్నాడు.

“ఏమన్నడు?” అన్నాడు బీరయ్య.

“ఏం ల్యా. నువ్వు గమ్మునుండు” అన్నాడు ఖాజావలి.

“నా బుక్కు చూపెట్టిండు గదా.”

“చూపిస్తే చూపిస్తాడు. నీకేల?” ఖాజావలి అతని మోచెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. సిగరెట్టు వెలిగించి రెండు దమ్ములు లాగాక మొదలుపెట్టాడు. “కొత్తగా దొరికిన జంతువులయితే కొత్త కాయితం కావల్లంట. రాసినోడి తప్పు వల్ల లెక్క తగ్గింటే ఈడే దిద్దొచ్చంట, ముద్ర ఆయప్పే ఏస్తాడంట. డాక్టరు తప్పంతా నాదే, నేనే సంతకం పెడతానన్న్యాడు. నువ్వు ఈడ ల్యావు, నీది చెల్లదు, రాసినోడే పెట్టల్ల అన్న్యాడు ముదీరు. చూసినా, తెలిసే దాచినా అని.”

“పెడత మరి.”

“ఒరే అబ్బా, ఇంకా పూర్తిగా ఇనకుండానే పెడతానంటావే! సర్కారు రిజిస్టర్ల దొంగ లెక్క రాసినోడు పన్ల ఉండకూడదు. రూలంట. సంతకం పెట్టిన తెల్లారే నీకు ఎగ్జిట్ కొడతారు. నెలాకరుకు ఇమానం. నువ్వు వచ్చి ఏడాదే కదప్పా అయింది, ఒప్పందం ఇంగా ఏడాదుండాది. గాడిదపిల్లల కోసం ఎవుడన్నా కడుపు మీద తన్నుకుంటాడా? పిచ్చి తర్కం జెప్పద్దు నాకు. ఊరికి పోయి ఏం జేస్తావు?”

ఊరికి పోవడం. బీరయ్య ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. పని పోతుందన్నది అతనికి అంతగా తగల్లేదు. ఇక్కడ ఉన్నంతకాలం ఆ సంగతి జరగనట్టే ఉంది. ఎండ, తొట్టి, నోటుబుక్కు, ఇరవై ఏడు. ఇంటికి పోతే గుమ్మంలో పుష్ప నిలబడి ఉంటుంది. నాలుగేళ్ల కుమార్ ముందుకు ఉరుకుతాడు. ఉయ్యాల కోసమని ముందే దూలానికి కట్టిన తాళ్లు విప్పేశారో, ఇంకా వేలాడుతున్నాయో. ఆ ఇంట్లో తను ఏ మూల చూస్తూ కూర్చోవాలి?

“నిన్న పుట్టినాయని చెప్పేస్తే పోలా?” ఖాజావలి ఇంకా దారులు వెతుకుతూనే ఉన్నాడు. “అట్లయినా కొత్తవే అయితాయి గదా, పాడు.” తనే జవాబు చెప్పుకుని సిగరెట్టు పారేశాడు.

బీరయ్య దొడ్డి వైపు చూశాడు. మధ్యాహ్నపు ఎండకు తల్లులన్నీ గోనెల నీడకు చేరి, పిల్లలను గోడ వైపుకు నెట్టి తాము బయటివైపు నిలబడ్డాయి. ఎవరూ నేర్పని పద్ధతి. అతను ఎన్నో రోజులుగా చూస్తున్నాడు దాన్ని, ఒక్కరోజూ రాయలేదు. గురువారం గార్డులు వచ్చేసరికి తల్లులుండవు. ఆ ఐదూ అప్పటికి తొట్టి చుట్టే తిరుగుతుంటాయి, ఇంకెక్కడికి పోతాయి? మనిషిని చూసి పారిపోవడం కూడా వాటికి రాదు. వాటికి తెలిసిన ఒకే ఒక్క మనిషి తను.

“రా” అని షెడ్డులోకి నడిచాడు.

ముదీర్ ముందు నోటుబుక్కు తెరిచి, ఖాళీ పేజీ తీసి, ఖాజావలికి పెన్ను ఇచ్చాడు. “నేను చెప్త, నువ్వు అరబ్బీల రాయి. ఒక్కటి బూడిదదాని బిడ్డ. ఆడది. నుదుట తెల్లచుక్క, కుడి ముందరి కాలుకు మూడు గీతలు. పుట్టింది ఏప్రిల్ పద్నాలుగు, ఐతారం, పొద్దుగాల తొమ్మిదింటికి.”

ఖాజావలి రాసి, తలెత్తాడు. “తేదీ, వేళ కూడానా? యాడ రాసుకున్యావు?”

“యాడ రాసుకోలే.”

“మరెట్ల గుర్తుండాది?”

“ఆ దినమే నువ్వు ఉత్తరాలు తెచ్చిస్తివి” అన్నాడు బీరయ్య.

యుద్ధం రోజుల్లో ఎక్కడో ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒకేసారి వచ్చిన రోజది. ఏడు కవర్లు, రబ్బరు బ్యాండు వేసి. పికప్‌లో కూర్చుని ముద్రల మీది తేదీలు చూసి వరసగా పేర్చుకున్నాడు, ముందువి ముందు చదవాలని. మూడో దాంట్లో నెలలు నిండాయని ఉంది. నాలుగో దాంట్లో ఆడపిల్ల పుట్టిందనీ, నీ ముక్కే వచ్చిందనీ, ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి, ఉయ్యాలలో పడుకోబెట్టి పేరు పెడతామనీ, పేరేదో నువ్వే రాసి పంపమనీ ఉంది. అతను అక్కడే ఆగి పేరు ఆలోచించుకున్నాడు. పేరు కుదిరాక ఐదోది చించాడు, అందులో జ్వరమని ఉంది. ఆరోది తండ్రి వేరేవాళ్లతో రాయించింది. నాలుగు వరసలే ఉన్నాయి. పదిహేడో రోజట. ఏడోది అతను ఇంతవరకు విప్పలేదు. తలెత్తేసరికి బూడిదది తొట్టి పక్కన పడుకుని, ఒళ్లంతా బిగబట్టి ఈనుతోంది. తడి తడి చెవులు ముందు కనబడ్డాయి. అది లేచి నిలబడేదాకా, పడి మళ్లీ నిలబడేదాకా అతను కదల్లేదు. ఆ రోజు పేజీలో ‘ఇరవై ఏడు’ అని రాశాడు.

“రెండోది” అన్నాడు బీరయ్య. “కోడలు బిడ్డ. మగది. ఏప్రిల్ ఇరవై రెండు…”

ఐదూ చెప్పాడు. ముదీర్ రెండింటిని తానే లేచి వెళ్లి దొడ్డిలో సరిచూసుకుని వచ్చాడు. నుదుటి చుక్క, మూడు గీతలు, చెప్పింది చెప్పినట్టే ఉన్నాయి. కింద బీరయ్య తెలుగులో సంతకం పెట్టాడు. ముదీర్ ముద్ర వేసి, ‘ఖలాస్’ అంటూ కప్పు బోర్లించాడు. కోపమేమీ లేదు ఆయన ముఖంలో. ఉండి ఉంటే బాగుండేదని డాక్టరుకు అనిపించింది కాబోలు, బయటకు వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బీరయ్య అటుగా వచ్చినప్పుడు అడిగాడు. “ఎందుకు చెప్పలేదు నాకు?”

ఖాజావలి సాయంతో బీరయ్య చెప్పాడు, మంద సంగతి, జోలె సంగతి, దారినపోయేవాడు అడిగితే ఏమనాలో. డాక్టరు చర్మం లేచిన వేళ్లను రుద్దుకుంటూ విన్నాడు.

“మా అమ్మమ్మ ఒంటె పిల్లలను లెక్కపెట్టనిచ్చేది కాదు” అన్నాడు చివరికి. “వేలు చూపిస్తే కొట్టేది. అయినా నువ్వు చెప్పాల్సింది. నేను దారినపోయేవాణ్ణి కాదు.”

ఆ మాట బీరయ్యకు తగిలింది. చాలా రోజుల తర్వాత ఒక మాట తగిలింది.

*

సోమవారం రెండు లారీలు వచ్చాయి. ఆదివారం సాయంత్రమంతా కూర్చుని బీరయ్య ఒక లారీలో గోనెపట్టాలతో అడ్డతెర కట్టాడు, తల్లులూ పిల్లలూ ఒకవైపు ఉండేటట్టు. పెద్దవి వాలుగా ఆనించిన చెక్కపలక మీదుగా ఎక్కాయి. పెద్దమనిషి ఎక్కితే మిగతావి ఎక్కుతాయని అతను చెప్పినట్టే, అవి ఒకదాని వెనక ఒకటి అదే వరసలో నడిచాయి. అత్త ఎక్కాకే కోడలు. పిల్లలు మాత్రం పలకను చూసి మొండికేశాయి. ఒక్కొక్కదాన్నీ నాలుగు కాళ్లూ కూడదీసి ఎత్తుకుని, మెడ మీద వేసుకుని ఎక్కించాడు.

“వసుదేవుడంతటోడే గాడిద కాళ్లు పట్టుకున్యాడంట, నువ్వెంత!” అని కింది నుంచి ఖాజావలి వెక్కిరించాడు. అని, తానూ వచ్చి ఒకదాని వెనక కాళ్లు పట్టాడు. అది తన్నిన తన్నుకు చొక్కా గుండీలు రెండు ఊడాయి.

బూడిదదాని పిల్లను చివర్న ఎత్తాడు. బరువెక్కింది. దాని గుండె అతని మెడ వెనక టకటకా కొట్టుకుంటోంది. దించాక వెంటనే దిగిపోకుండా, అది తల్లి పొట్ట కింద మూతి దూర్చేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాతే తలుపు వేయమన్నాడు.

చెక్‌పోస్టు దాకా అతను కూడా వెళ్లాడు. అక్కడి కుర్రపోలీసు కాగితం చూసి, ఒక్కో లారీ పక్క ఎక్కి, వేలితో లెక్కపెట్టాడు. ఒకసారి ముప్పై ఒకటి వచ్చింది. బీరయ్య లోపలికి చెయ్యి పెట్టి, అడ్డతెర కింద పడుకున్న కోడలు బిడ్డ చెవి పట్టి చూపించాడు.

“ముప్పై రెండు” అన్నాడు పైకే, తెలుగులో. తర్వాత అరబ్బీలో అన్నాడు. పోలీసు గొలుసు దించాడు. లారీలు కొండదారి ఎక్కి, మలుపు తిరిగి కనబడకుండా పోయాయి. బీరయ్య కాసేపు ఆ మలుపు వంకే చూసి, వచ్చి పికప్‌లో కూర్చున్నాడు.

మంగళవారం ఆఫీసుకు పిలిచారు. ఎగ్జిట్ కాగితాలు అప్పుడే సిద్ధమయ్యాయి. ఈ దేశంలో మనిషిని రప్పించడానికి పట్టినంత కాలం పంపడానికి పట్టదు. గుమాస్తా ఒక ఫారం ఇచ్చి నింపమన్నాడు. ఖాజావలి తన అద్దాలు పెట్టుకుని, పాత ఫారం పక్కన పెట్టుకుని, చూసి రాస్తూ పోయాడు. పేరు, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు. పెళ్లయిందా? అయింది. భార్య పేరు పుష్ప.

“పిల్లలు ఒకటి” అని గొణుక్కుంటూ ఖాజావలి గడిలో పెన్ను ఆనించాడు.

“ఇద్దరు” అన్నాడు బీరయ్య.

ఖాజావలి చేయి ఆగింది. “ఇద్దరేంది బీరన్నా? కుమారొక్కడే గదా?”

“ఇద్దరు. ఒక బిడ్డ పుట్టింది. లడాయి మొదలైన మూడో దినం. పోయింది.” గొంతు బాగానే వచ్చింది, మాటలు కూడా వరసగానే వచ్చాయి. చూపు మాత్రం గుమాస్తా బల్ల మీది ముద్రలపెట్టె దగ్గర నిలిచిపోయింది. “తొట్టెల వెయ్యలే. అందుకే ఎవ్వలకు చెప్పలే.”

ఖాజావలి అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో ఆ కట్ట తానే తెచ్చి ఇచ్చిన సంగతి, ఆ సాయంత్రం ‘అందరూ బాగుండారా?’ అని అడిగితే ‘ఆఁ, మంచిగున్నరు’ అన్న సంగతి అతనికి గుర్తొచ్చి ఉంటాయి. గడిలో ‘రెండు’ వేశాడు. కింద ఇంకో వరుస ఉంది.

“పేర్లు రాయల్ల” అన్నాడు మెల్లగా. “మొదట కుమార్. వయసు నాలుగు. రెండోది…”

“స్వర్ణ.”

ఆ పేరు ఇంతవరకు ఎవరూ పలకలేదు. పుష్పకు కూడా తెలియదు. పికప్‌లో, నాలుగో ఉత్తరానికీ ఐదో ఉత్తరానికీ మధ్య, అతను ఒక్కడే అనుకున్న పేరు.

“వయసు?”

“పదిహేడు దినాలు.”

వయసు గడి చిన్నది, ఏళ్లు వేయడానికి. ఖాజావలి ‘పదిహేడు’ అని అంకె వేసి, పక్కన జాగా లేక, గీత దాటించి బయట ‘రోజులు’ అని రాశాడు. గుమాస్తా తొంగిచూసి ఇదేమిటన్నట్టు కనుబొమలెత్తాడు. ఖాజావలి ఆయనకేసి చూడలేదు.

“ఏం రాసినవో చదువు” అన్నాడు బీరయ్య.

“స్వర్ణ. తండ్రి బీరయ్య. పదిహేడు రోజులు.”

బీరయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చేదాకా తుడుచుకోవాలని అతనికి తట్టలేదు.

“ఇంకోసారి చదువు, భాయ్” అన్నాడు.

ఖాజావలి కాగితాన్ని కిటికీ వెలుతురుకు జరుపుకుని, మొదటి నుంచి చదివాడు.